రాజావారి నడుము

అశోక్‌నగర్ హాస్టల్లో మంచాల కింద పాకడం కూడా ఒక విద్యేనని కొందరు నమ్మిన రోజులవి. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. చిక్కడపల్లిలో ఒక మేడ వెనక రెండు గదుల వాటాలో నానమ్మా నేనూ ఉండేవాళ్లం. మాది ఒకప్పుడు కోస్తాలో పన్నెండు ఊళ్ల జమీ. (పన్నెండని నానమ్మ అనేది. పేర్లు చెప్పమంటే తొమ్మిది దగ్గర కోప్పడేది.) నా కాలానికి మిగిలినవి తాతగారి వేటకోటు, దాని ఇత్తడి బొత్తాలు, ఎవరి ముందూ వంగని వెన్నెముక. ఈ మూడోదాని వల్ల, నారాయణగూడ ట్యుటోరియల్లో పాఠం చెప్పేటప్పుడు సుద్దముక్క కింద పడితే తీసేవాణ్ణి కాదు, ఇంకొకటి తెప్పించుకునేవాణ్ణి. నానమ్మకున్న దిగులు ఒక్కటే. మా పేరుతో ఉన్న సత్రం ఎరువుల గోదామైంది. మా పేరుతో ఉన్న వీధికి ఇంకెవరి పేరో పెట్టారు. "భూమ్మీద మన పేరు ఎక్కడైనా మిగిలిందిరా?" అని వారానికోసారి అడిగేది. భూమ్మీద లేదని తేలిపోయింది గనుక నేను కింద వెతకడం మొదలుపెట్టాను.

రాంనగర్‌లో ఒక బ్యాంకు ఉద్యోగిని ఉండేది. సెలవు దొరికితే గుహల్లోకి దిగి, టేపుతో కొలిచి, పటాలు గీసేది. అందరం పటాలక్క అనేవాళ్లం. కర్నూలు దాటాక సున్నపురాతి కొండల్లో ఒక మహా గుహ ఉంది. మైళ్ల కొద్దీ దారులు, అందులో సగం ఎవరూ చూడనివి. కొత్త గదిలో ఎవరు ముందు అడుగు పెడితే పేరు పెట్టే హక్కు వాళ్లది. ఇరుకు సందులకు మాత్రం అక్కడ ఏం జరిగితే ఆ పేరు. అదీ గుహల్లోకి దిగేవాళ్ల ఆచారం. ఆవిడ పటంలో అప్పటికే 'చెప్పు పోయిన సందు', 'పులిహోర ఒలికిన మెట్టు' ఉన్నాయి. వాటి పక్కన మా తాతగారి పేరుతో ఒక దర్బారు హాలు నా కళ్లకు కట్టింది. నానమ్మకు మాటిచ్చి ఆవిడ జట్టులో చేరిపోయాను.

ఆ జట్టులో ఇంకొకడు గ్రూప్ టూ. మెదక్ దగ్గరి పల్లె నుంచి వచ్చి ఆ సర్కారు ఉద్యోగాల పరీక్షకే, నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందా అని చూస్తూ, ఆరేళ్లుగా చదువుతున్నాడు గనుక ఆ పేరు. అతని హాస్టల్ గదిలో ఎనిమిది మంచాలు వరసగా ఉండేవి. పైన ఎనిమిది మంది రాజ్యాంగం బట్టీ పడుతుంటే, కింద పటాలక్కా గ్రూప్ టూ గుహ సందులకు సాధనగా హెల్మెట్లు పెట్టుకుని ట్రంకు పెట్టెల మధ్య, పచ్చడి సీసాల మధ్య బోర్లా పాకేవాళ్లు. (ఆడవాళ్లకు ప్రవేశం లేని హాస్టలే. హెల్మెట్ చూసి వార్డెన్ ఆవిణ్ణి కరెంటు పనికి వచ్చిన మనిషి అనుకున్నాడు.) నేను గోడకానుకుని పర్యవేక్షించేవాణ్ణి.

"రాజావారు, మీరు గూడ జర కిందికి దిగుండ్రి," అన్నాడు గ్రూప్ టూ మూడో మంచం కింద నుంచి.

"మా వంశంలో ఎవరూ పాకలేదు," అన్నాను.

"చిన్నప్పుడు గూడనా?"

మంచాల మీద ఎనిమిది పుస్తకాలు వణికాయి.

ఒక ఆదివారం పొద్దున్నే గుహలోకి దిగాం. మూడు గంటలు పోయాక గోడ అడుగున ఒక కంత కనిపించింది, చల్లటి గాలి తగిలింది. "గాలొస్తుందంటే అవతల పెద్ద గదే ఉంటది," అంది పటాలక్క. బక్కపల్చని గ్రూప్ టూని ముందు పంపాలని ఆవిడ ఉద్దేశం. నేను అడ్డం వచ్చాను.

"సరే గని, ఆ కోటు ఇప్పెయ్ తమ్మీ."

"ఇది మా తాతగారిది."

"అందుకే చెప్తున్న. నువ్వు పడతవేమో గని మీ తాత పట్టడు."

నేను వినలేదు. నా తల, ఒక చెయ్యి అవతలికి వెళ్లాయి. లైటు వెలుగులో చూశాను. పైకప్పు నుంచి తెల్లటి రాతి కుచ్చులు, గోడల మీద నీటి మెరుపు, నేల మీద ఒక్క అడుగుజాడ లేదు. సృష్టి మొదలైనప్పటి నుంచి దాన్ని చూసిన తొలి మనిషిని నేను. ఇంకొక్క మూర జరిగితే మాదే. జరగలేదు. ఇత్తడి బొత్తాలు రాతి అంచుకు పట్టుకున్నాయి, రెండో చెయ్యి పొట్ట కింద ఇరుక్కుంది. ఏ చెయ్యి ఎక్కడ పెట్టాలో, ఊపిరి ఎప్పుడు వదలాలో మంచాల కింద నేర్పారు. ఆ సమయంలో నేను గోడ దగ్గర ఉన్నాను.

"గది చూశాను, హక్కు నాది," అని అరిచాను.

నా కాళ్ల వైపు నుంచి గ్రూప్ టూ తీరిగ్గా జవాబిచ్చాడు. "చూసుడు గాదు రాజావారు, అడుగు పెట్టాలె. మీ అడుగులు రెండూ నా చేతులనే ఉన్నయి."

"తల వెళ్తే చాలదా?"

"ఏమక్కా, చాలుతదా?"

"చాలదు," అంది పటాలక్క. "ముందుకైతే పోలేవు తమ్మీ. ఎనకకు గుంజుతం, ఊపిరి మొత్తం ఇడువు."

గంటసేపు ఒళ్లు బిగబట్టుకుని ఉన్నాను. చివరికి వదిలాను. ఇద్దరూ గుంజారు. బొత్తాలు ఒక్కొక్కటే ఊడి ఆ అందమైన గదిలోకి దొర్లిపోయాయి. ముందు ప్యాంటు బయటికి వచ్చింది. కాసేపటికి నేను వచ్చాను.

గ్రూప్ టూ బల్లిలా లోపలికి పాకిపోయాడు. తర్వాత అతని గొంతు మెల్లగా వినిపించింది. "అక్కా, దీని పేరు నోటిఫికేషన్ అని రాసుకో. ఉన్నదో లేదో తెల్వకుంట ఆరేండ్లు ఎదురుచూసిన. ఇయ్యాల కండ్లతోని చూసిన." పటాలక్క రాసుకుంది. ఆ కంత పక్కన, నన్ను అడక్కుండానే, 'రాజావారి నడుము' అని కూడా రాసింది. తిరుగు ప్రయాణంలో బస్సు చిక్కడపల్లి చేరేదాకా బొత్తాల్లేని కోటును చేత్తో మూసి పట్టుకుని కూర్చున్నాను నేను.

నానమ్మ గుమ్మంలోనే ఉంది. "ఏరా, పెట్టారా మన పేరు?"

"పెట్టారు నానమ్మా. పటంలో ఎక్కించారు."

"దేనికి?"

"ఒక ద్వారానికి."

ఆవిడ కళ్లు తుడుచుకుంది. "సింహద్వారమే అయుంటుంది. గడపకు పసుపు రాశారా?" ఆ తర్వాత కూరలమ్మే ఆవిడ దగ్గర్నుంచి హైదర్‌గూడ డాక్టరుగారి దాకా అందరికీ చెప్పింది. ఎంత వెడల్పు అని ఎవరైనా అడిగితే నావైపు చూసేది. మనిషి పడతాడు అనేవాణ్ణి.

నానమ్మ పోయి చాలాకాలమైంది. గ్రూప్ టూకి గ్రూప్ ఫోర్‌లో ఉద్యోగం వచ్చింది, పేరు మాత్రం మారలేదు. పోయిన చలికాలం అతనూ నేనూ కొత్త పిల్లలు ఆరుగుర్ని తీసుకుని మళ్లీ ఆ గుహకు వెళ్లాం. "రాజావారి నడుమొచ్చింది, అందరు పండుకోండ్రి," అని పటం పట్టుకున్న అమ్మాయి చెప్పగానే వాళ్లు వరసగా బోర్లా పడుకున్నారు. (మా తాతగారి దర్బారులో కూడా జనం ఇంత కిందికి వంగి ఉండరు.) నేను ఈనాటికీ ఆ గదిలో అడుగు పెట్టలేదు. ఇప్పుడున్న పొట్టతో ఇక పెట్టను కూడా.

"అన్నా, ఎవరీ రాజావారు?" అని ఆ అమ్మాయి గ్రూప్ టూని అడిగింది.

అతను నావైపు చూడకుండా హెల్మెట్ సర్దుకున్నాడు. "ఉండె ఒకాయన. గీ గదిని అందరికన్న ముందు చూసిండు."

ముందు పాకిన ఆ అమ్మాయి భుజాలు కంతలో ఇరుక్కుని ఆగిపోయాయి. నేను మోకాళ్ల మీద కూర్చుని, రాతికి చెంప ఆనించి, లోపలికి లైటు పట్టుకున్నాను. "కంగారు పడకమ్మా," అన్నాను. "ఊపిరి వదిలెయ్, అంతే. బిగబట్టుకున్నవాళ్లు ఇందులో పట్టరు."