మచ్చ రెండో నెలది

నరసరావుపేటలో మా వీధి చివర ఆసుపత్రి నడిపిన పిల్లల డాక్టరమ్మ మొన్న మంగళవారం పోయారు. కబురు వినగానే కొట్టు కట్టేసి వెళ్లాను. అక్కడ చేరిన ఆడవాళ్లలో ఆమె చేత తిట్లు తిననివాళ్లు లేరు. నేనూ తిన్నాను, గట్టిగానే.

నా మనవరాలు నుదుటి కుడివైపు, కంటి మీదుగా ఎర్రటి మచ్చతో పుట్టింది. కడుపుతో ఉండగా గ్రహణం నాడు మా కోడలు కత్తిపీట పట్టుకోవడం నేను కళ్లారా చూశాను. ఇంకేముంది, నా నోటికి అడ్డూ ఆపూ లేకపోయింది. కొట్టుకొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పాను. కోడలు తలెత్తడం మానేసింది.

బిడ్డకు ఐదో నెలలో, ఒక పొద్దున ఎడమ చెయ్యి టపటపా కొట్టుకుంది. కళ్లు తేలేసింది. నేను దిష్టి తీద్దామని మిరపకాయలు వెతుకుతుంటే, కోడలు బిడ్డనెత్తుకుని చెప్పుల్లేకుండా ఆసుపత్రికి పరిగెత్తింది. నేను వెనకాలే.

డాక్టరమ్మ సూది వేశారు. కాసేపటికి ఆ చెయ్యి ఆగింది. ఆగగానే ఏడుస్తూ, కోడలి ఎదుటే, "గ్రహణం నాడు కత్తిపీట ముట్టుకుందండీ, దాని ఫలితం ఇది" అన్నాను.

"ఎన్నో నెల్లో వచ్చింది గ్రహణం?"

"ఏడో నెల్లోనండీ."

ఎవరికి ఏది చెప్పినా అరచేతి మీద పెన్నుతో గీసి చూపడం ఆమె అలవాటు. ఆ రోజు చిక్కుడు గింజంత బొమ్మ గీశారు.

"రెండో నెల్లో బిడ్డ ఇంతే. నుదుటి చర్మానికీ, కంటికీ, మెదడు పై పొరకీ రక్తనాళాలు అప్పుడే పక్కపక్కన అల్లుకుంటయ్. అక్కడ ఒక్క కణంలో తేడా వస్తే, దాన్నుంచి పుట్టినవన్నీ అట్టాగే ఉంటయ్. పైన మచ్చ, లోపల మెదడు మీదా అదే. అందుకే ఈ ఫిట్స్. ఏడో నెల్లో పట్టుకున్న కత్తిపీట రెండో నెల్లోకి ఎట్టా పోయిందమ్మా?"

నా నోరు ఊరుకుంటుందా! "మరి రెండో నెల్లో ఏం చేసిందంట?" అన్నాను.

"ఏం చేయలా! ఎవరూ ఏం చేయలా. అప్పటికి కడుపని ఆ పిల్లకే సరిగా తెలీదు. ముందు గుంటూరు పోయి తలకు స్కాన్, కంటికి పరీక్ష చేయించండి. తర్వాత ఈ మాట నీ నోటితో నీ కోడలికి చెప్పు. మందులు నేను రాస్తా. ఇది మాత్రం నువ్వే చేయాల."

మందులతో ఫిట్స్ తగ్గాయి. కంట్లో ఒత్తిడి ఉందంటే చుక్కలు వేస్తున్నాం, చూపు బాగానే ఉంది. చూపించడానికి వెళ్లిన ప్రతిసారీ డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, "చెప్పావా?" అనేవారు. "చెప్తానండీ" అనేదాన్ని. ఆరేళ్లు అలాగే గడిపాను. చదివే మీరు ఏమనుకున్నా సరే, అత్తనన్న పొగరు, నోరు పెగల్లేదు.

మొన్న ఆమెను సాగనంపి వస్తుంటే, ఇక అడిగేవాళ్లు లేరని గుర్తొచ్చి భయం వేసింది. ఇంట్లో కోడలు పిల్లకు తల దువ్వుతోంది. పక్కన కూర్చుని, "నీ తప్పేం లేదమ్మా. నాదే తప్పు" అన్నాను.

దువ్వెన ఆగింది.

"ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాగా అత్తయ్యా," అంది. "మీరెప్పుడంటారా అని చూస్తన్నా."

ఇన్నాళ్లూ మచ్చ కనపడకుండా నుదుటి మీదికి దించే జుట్టునంతా వెనక్కి దువ్వి, బిగించి జడ వేసింది.