గాబ్రియేలు కొట్టిన గంట

గాబ్రియేలు అక్క విశ్వాసమ్మ పోయిన పొద్దున ఊరు ఖాళీగా ఉంది. కూలివాళ్లంతా ఉల్లి చేలలో ఉన్నారు. వాళ్లను పిలవాల్సింది చావుగంట. ఒక దెబ్బ, దాని మోత పూర్తిగా అణిగేదాకా ఆగి ఇంకో దెబ్బ. గాబ్రియేలు వయసంతా చర్చిలో ఆ గంట తాడు పట్టుకునే గడిచింది. గంట వినబడితే విశ్వాసమ్మ కలుపు ఎక్కడిదక్కడే వదిలి వచ్చేది. శవానికి స్నానం చేయించడానికి ఎప్పుడూ ముందు ఆమే.

పక్కింటి రాహేలమ్మను అక్క దగ్గర కూర్చోబెట్టి గాబ్రియేలు చర్చికి పోయాడు. తాడు అందలేదు. గంటకు కరెంటు సుత్తి బిగించిన నాడు సంఘంవాళ్లు తాడును పైకి చుట్టి కట్టేశారు. ఆ సుత్తి మిషన్ మొదట్లో ఆరాధన వేళకు సరిగ్గానే కొట్టింది. తర్వాత కరెంటు పోయి వచ్చినప్పుడల్లా వేళ తప్పింది. మిట్టమధ్యాహ్నం మోగేది, ఆదివారం ఊరుకునేది. బిగించినవాళ్లు ఫోను ఎత్తరు.

కల్లూరులో ఉండే సంఘ కార్యదర్శి వసంతకుమార్‌కు ఫోను చేశాడు. అతను బాధపడ్డాడు, ఇప్పుడే బయలుదేరతానన్నాడు. తాడు మాట ఎత్తేసరికి గొంతు మారింది.

“చేత్తో కొడితే గ్యారంటీ పోతాది మామా.”

“గ్యారంటీ పోయిన క్రిస్మస్‌కే అయిపాయ గదప్పా.”

అయినా చేత్తో కొట్టకూడదన్న సంఘం తీర్మానం తీర్మానమేనన్నాడు వసంతకుమార్.

గాబ్రియేలు ఫోను పెట్టేసి నిచ్చెన తెచ్చాడు. ముడి బిగుసుకుపోయి రాలేదు. కొడవలితో కోశాడు. తాడు కిందికి జారింది. కొట్టాడు. ఆగాడు. కొట్టాడు. భుజం పట్టేసేదాకా కొట్టి, బయటికి వచ్చి చేల దారి చూశాడు. ఎవరూ రాలేదు. లోపలికి పోయి మళ్లీ కొట్టాడు. ఎండ చర్చి మెట్ల మీదికి వచ్చింది.

చివరికి తానే చేలకు నడిచాడు. మొదటి చేలో జీవమ్మ ఉల్లిగడ్డల కాడలు కోస్తూ తలెత్తి నవ్వింది.

“ఏం మామా, మిషన్‌కు పొద్దున్నే తిక్క లేసినట్లుండాది. ఒకటే కొడతాండాదే.”

“కొట్టింది నేనమ్మా. అక్క పాయ.”

జీవమ్మ కొడవలి కింద పెట్టింది. చేతుల మట్టి చీరకు తుడుచుకుంటూ ఊరివైపు గబగబా పోయింది.

రెండో చేలోనూ గాబ్రియేలు అదే చెప్పాడు, గంట కొట్టింది తానేనని, అక్క పోయిందని. వాళ్లూ మిషనే అనుకున్నారట. మూడో చేనికి వచ్చేసరికి గంట మాట వదిలేశాడు. అక్క పోయిందని మాత్రం చెప్పి, గట్టు దాటి తర్వాతి చేని వైపు నడిచాడు.