బాడవ అనే మాట

విజయవాడ శివార్లలో మా చెల్లెలు ఇల్లు కట్టుకున్న కాలనీకి ఇంగ్లీషులో ఏదో సరస్సు పేరుంది. లేఔట్ వేయకముందు ఆ పొలాలను బాడవ అనేవాళ్లు. నలువైపుల నీళ్లూ వచ్చి నిలిచే పల్లపు నేల అని అర్థం. మా నాన్న తరం రైతులు అక్కడ వరి వేసేవారే గాని, గొడ్ల పాక కూడా మెరక చూసుకునే వేసేవాళ్లు. ఒకరికొకరు వివరించుకోనక్కర్లేదు, ఆ మాటే చెప్పేది. ప్లాట్లు అమ్మినవాళ్లు ముందుగా ఆ మాటను తీసేశారు. మట్టి తోలింది ఆ తర్వాతే.

మొన్నటి వరదకు ఆ ఇంట్లో నీళ్లు కిటికీల దాకా నిలిచాయి. ఆటోనగర్‌లో స్పేర్‌పార్ట్స్ కొట్టు నడిపే చెల్లెలి భర్త, ఇక అక్కడ ఉండలేనని ఇల్లు అమ్మకానికి పెట్టాడు. బేరాలు వచ్చి పోతున్నాయి. కాలనీలో ఎవరిని కదిపినా ఒకటే జవాబు, క్లైమేట్ చేంజ్ అండీ, మన చేతుల్లో ఏముంది అని. ఆ మాట దొరికాక ఎవరూ దేనికీ పూచీ కాదు. మురుగు కాలువ పూడ్చి గోడ కట్టుకున్నవాడు కూడా ఆకాశం వైపే చూపిస్తాడు.

నేనేమీ తక్కువ తినలేదు. నా పాత డైరీల్లో ముసురు, తుప్పర, జడివాన అని ఉంటుంది. ఈమధ్య ఫోనుకొచ్చే హెచ్చరికలోని మాటే దించేస్తున్నాను, అతిభారీ వర్షం అని.

ఒక ఆదివారం నేనక్కడ ఉండగా కుర్ర దంపతులు ఇల్లు చూడటానికి వచ్చారు. అతనిది ఉయ్యూరు దగ్గర చెరకు రైతుల కుటుంబం. తల్లి మెట్లెక్కలేకపోతోందట, అందుకే కిందనే గదులున్న ఇల్లు వెతుకుతున్నారు. అతను గోడలు తట్టి చూసి నావైపు తిరిగాడు.

"ఇక్కడికి నీళ్లేమన్నా వస్తాయాండీ, బాబాయ్ గారూ?"

చెల్లెలు కాఫీ ట్రేతో అలాగే నిలబడిపోయింది. ఈ బేరం పోతే మరో వానాకాలం వాళ్లకు అక్కడే.

"ఇది బాడవ బాబూ," అన్నాను.

"ఊరి పేరాండీ? ఎప్పుడూ వినలేదు."

రైతు బిడ్డకు అర్థం విడమరిచి చెప్పాల్సి వచ్చింది. నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో కిటికీ దగ్గర చెయ్యి పెట్టి చూపించాను. అతను నా చేతివైపు చూసి తేలిగ్గా నవ్వాడు.

"ఇప్పుడు క్లైమేట్ చేంజ్ కదండీ. ఎక్కడైనా వస్తాయి. ఇక్కడని ఏముంది?"

వరద సంగతి వాళ్లకు రేటు తగ్గించమని అడగడానికి మాత్రం పనికొచ్చింది. సాయంత్రానికి అడ్వాన్సు ఇచ్చి వెళ్లారు.

వాళ్లమ్మను ఏ గదిలో పడుకోబెడతారో నేను ఆలోచిస్తుంటే చెల్లెలు గ్లాసులు తీయడానికి వచ్చింది.

"చెడగొట్టాలనే చూశావు అన్నయ్యా. వాళ్లు పట్టించుకోలేదు కాబట్టి బతికిపోయాం," అంది.