ఐరాల అడ్డబోరు, బెండకాడల జిగురు

వాలుగా వేసిన బోరులో కడ్డీలు ఎందుకు మెలిపడి వణుకుతాయో మూడేళ్లుగా కాగితం మీద లెక్కలు వేస్తున్నాను గానీ, అలాంటి బోరును కంటితో చూసింది లేదు. తిరుపతిలో మా కాలేజీ వర్క్‌షాపులో పనిచేసే మునిరత్నానికి ఆ సంగతి తెలుసు. ఐరాల దగ్గర తన బావిలో అడ్డబోరు వేస్తుంటే కడ్డీలు ఎగిరెగిరి పడుతున్నాయని, ఒకసారి వచ్చి చూడమని అడిగాడు. మే నెలలో ఒక ఆదివారం పొద్దున ఆరింటి చిత్తూరు బస్సెక్కాం.

ఎనిమిదిన్నరకు చిత్తూరులో దిగాం. ఇడ్లీ త్వరగా తిని తొమ్మిదింటి ఐరాల బస్సు అందుకోవాలి, తప్పితే మళ్లీ పదకొండుకే. బస్సులో మామిడిపండ్ల గంపతో కూర్చున్న పెద్దాయనకు బావి చూడ్డానికి పోతున్నామని చెబితే, "నీళ్లుండాయా, ఉత్త గుంతేనా?" అన్నాడు. మునిరత్నం నవ్వలేదు. అతని రెండెకరాల చెరకు ఎండుముఖం పట్టింది. కడ్డీ విరిగితే పని వదిలేసి పోతానని బోరు వేసే మేస్త్రీ తేల్చి చెప్పేశాడట.

పదింటికి బావిలోకి దిగాం. నలభై అడుగుల లోతు, అడుగున కాస్త బురద. గోడలోంచి పక్కకు, కొంచెం ఎగువాలుగా డెబ్బై అడుగుల దాకా కడ్డీలు పోయాయి. ఊట తగిలితే నీళ్లు ఆ వాలులో బావిలోకి జారతాయి. మేస్త్రీ తంగవేలు వేలూరు వైపు మనిషి. కడ్డీలు తిప్పే పిడి నా చేతికిచ్చి తిప్పమన్నాడు. పావు చుట్టు తిప్పినా అవతలి కొస కదలలేదు. కడ్డీ మెలిపడి బిగిసి, ఉన్నట్టుండి వదిలింది. పిడి నా మోచేతిని కొట్టింది.

"మీ బుక్కులో ఇది ఉండాదా సార్?" అన్నాడు తంగవేలు.

"ఉంది. నొప్పి మాత్రం లేదు" అన్నాను.

కడ్డీలు తమ బరువుకు బోరు అడుగును రాసుకుంటున్నాయి. తోపు తగ్గించి వేగంగా తిప్పమన్నాను. కాస్త నయమైంది గానీ కుదుపు పోలేదు. గ్రీజు పూద్దామన్నాడు మేస్త్రీ. గట్టు మీదున్న మునిరత్నం భార్య సుబ్బమ్మ ఒప్పుకోలేదు.

"తాగే నీళ్లు గదప్పా. బెల్లం పాకంలో మడ్డి తీసేదానికి బెండకాడల జిగురు పోస్తాం గదా, అది పూసి సూడండి" అంది.

నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. రాపిడి తగ్గాలని చెప్పిన నాకు తట్టాల్సిన మాట అది.

ఆమె పెరట్లో ముదిరిన బెండ మొక్కలు పీకి దంచి నీళ్లలో పిసికింది. ఈలోగా మాకు రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి. రెండింటికి కడ్డీలన్నీ బయటికి లాగి, జిగురు పూసి మళ్లీ ఎక్కించారు. పిడి మెత్తగా తిరిగింది. నాలుగు కావస్తుండగా బోరులోంచి ముందు బురద, తర్వాత చల్లటి నీళ్లు నా ప్యాంటు మీదికి దూకాయి. మునిరత్నం దోసిట్లో నీళ్లు పట్టి భార్యకు చూపించాలని మెట్లెక్కాడు, పైకి చేరేసరికి తడి మాత్రమే మిగిలింది. ఆ తడిచేతులు పట్టుకుని సుబ్బమ్మ నవ్వుతుంటే నాకూ కడుపు నిండినట్టయింది.

ఐదున్నర బస్సుకు ఒక్కడినే బయల్దేరాను, సంచిలో సుబ్బమ్మ ఇచ్చిన బెల్లం ముద్దతో. తడిసిన ప్యాంటు చూసి కండక్టరు ఏమైందని అడిగాడు. బావిలో నీళ్లు పడ్డాయనగానే బస్సంతా నా వైపు తిరిగింది. ఎన్నడుగులకు, ఏ దిక్కున, తీపా ఉప్పా? చిత్తూరు దాకా చెబుతూనే ఉన్నాను.

దిగబోతుంటే కండక్టరు దగ్గరకొచ్చి, "మా బావీ ఎండిపోయుండాది సార్. ఆ మేస్త్రీ యాడుంటాడు?" అని మెల్లిగా అడిగాడు.

లెక్కల పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, వెనక వైపు తంగవేలు ఊరు, కింద బెండకాడలు అని రాసిచ్చాను. నా లెక్కల కాగితాన్ని అంత జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్న మనిషిని అంతకు ముందు నేను చూడలేదు.