మందు ముట్టని అక్కకు లివర్ జబ్బు

మా అక్క జీవితంలో మందు చుక్క ముట్టలేదు. ఆ మాట డాక్టరు ముందు తను మూడుసార్లు చెప్పుకోవాల్సి వచ్చింది.

బోధన్‌లో ఇంటి ముందు గదిలోనే అక్క జాకెట్లు కుట్టేది. పొద్దున మిషన్ ముందు కూర్చుంటే పొద్దుగూకేదాకా లేచేది కాదు. పదేళ్లుగా షుగర్ ఉంది, ఒళ్లూ వచ్చింది. ఎప్పుడో కడుపునొప్పికి స్కానింగ్ తీస్తే లివర్‌కు కొవ్వు పట్టిందని రాశారు.

"గిది అందరికుంటదంట తమ్మీ" అని ఆ కాగితం బీరువాలో పెట్టేసింది. నేనూ సరేనన్నాను.

నిరుడు వానాకాలంలో కాళ్లు వాచాయి. తర్వాత కడుపు ఉబ్బింది. గ్యాస్ అనుకుని నెల రోజులు గోళీలు మింగింది. చీర కుచ్చిళ్లు నిలవడం లేదని చెప్పాక నిజామాబాద్ తీసుకుపోయాను.

డాక్టరు కడుపు తట్టి చూసి, "కల్లు, మందు అలవాటుందా అమ్మా?" అని అడిగాడు.

అక్క ముఖం చిన్నబోయింది. "నా పిల్లల మీద ఒట్టు సార్, నాకు వాసన గుడ పడది."

కామెర్ల వైరస్ పరీక్షలన్నీ చేశారు. ఏదీ లేదు.

"షుగరు, బరువు, కొవ్వు. ఇవే లోపల్లోపల లివర్‌ను గట్టిగ చేసినయి" అన్నాడు డాక్టరు. "ఈ మధ్య తాగనోళ్లు గుడ మస్తు మంది వస్తున్నరు."

తిరుగు బస్సులో అక్క నా వైపు తిరిగింది. "పండుగకో పబ్బానికో తాగేది నువ్వు. రోగం నాకొచ్చింది సూడు" అంది. నవ్వబోయింది.

లివర్ మార్చడమొక్కటే దారి అని హైదరాబాద్‌లో చెప్పారు. నాది కొంత ఇస్తానన్నాను. ఏదో ఒకటి చేయగలనని ఆ వారమంతా హుషారుగా తిరిగాను. పరీక్షలయ్యాక అక్కడి డాక్టరు తల అడ్డంగా ఊపాడు. నా లివర్‌కూ కొవ్వు పట్టిందట, పనికిరాదట. బావ గుండె జబ్బు మనిషి. అక్క కొడుకు ముందుకొస్తే తనే ఒప్పుకోలేదు.

"వాని పానం జోలికి పోవద్దు" అంది. ఎంత చెప్పినా వినలేదు.

ఎండాకాలానికి మతి తప్పసాగింది. లివర్ పాడైతే మెదడు మీదికీ వస్తుందన్నారు. ఒక మధ్యాహ్నం జాకెట్టుకు రెండు చేతులూ ఒకే వైపు కుట్టింది. దాని కోసం వచ్చిన టీచరమ్మ విప్పి చూసి, మళ్లీ మడిచి సంచిలో పెట్టుకుంది.

"మంచిగ కుదిరిందక్కా" అంది.

అక్క ఎంతో సంతోషపడింది.

పది రోజులకు అక్క పోయింది. ఆ ఉదయం నా చెయ్యి పట్టుకుని, "పదిహేనున్నర, రాసుకో" అంది. ఎవరి కొలతో తెలియదు. రాసుకున్నానని చెప్పాను.