మా అత్త ఉంచుకున్న గుమ్మడి మొక్క

మా అత్త మగ్దలేనమ్మ నోరు మంచిదని చెబితే నాకు పాపం తగులుతుంది. లక్సెట్టిపేట అవతల మా ఊళ్లో నాట్లేసే ఆడవాళ్ల జట్టుకు ఆమే పెద్ద. ఆమె ఒక్క కేక వేసిందంటే ఒడ్డు మీద కూర్చున్న ఆసామి కూడా లేచి నారుకట్టలు అందిస్తాడు. అంత నోరున్న మనిషి చర్చిలో మాత్రం ఏనాడూ గొంతెత్తి ప్రార్థన చేయలేదు. చేయనిస్తే కదా!

మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. కోత పండుగ నాడు అందరికన్నా పెద్ద కాయ ఎవరు తెస్తే కృతజ్ఞతా ప్రార్థన వాళ్లదే. ఏటేటా ఆ కాయ మా చిన్నమామ దేవదాసుదే. చనిపోయిన మా మామకు తమ్ముడు, సంఘ పెద్ద, గుమ్మడి కాయించడంలో చెయ్యి తిరిగినవాడు. ఆయన ప్రార్థన ముగిసేసరికి బయట బగారన్నం చల్లారిపోతుంది. మా అత్త కోరిక ఒక్కటే. చచ్చేలోగా ఒక్కసారి చర్చిలో ప్రార్థన బల్ల ముందు నిలబడి, తన నోటితో తాను దేవుడితో మాట్లాడాలి.

వచ్చిన చిక్కల్లా ఆమె చేతులతోనే. మొలిచినదాన్ని పీకితే చేతులు పడిపోతాయంటుంది. గుంతలో ఎన్ని మొలిస్తే అన్నీ ఉంచుతుంది. అవన్నీ ఒకదాని తిండి ఒకటి తిని చెంబులంత కాయలు కాస్తాయి. వదినె కాయలు పులుసుకే సరిపోతాయని చిన్నమామ చర్చి గుమ్మంలో నిలబడి నవ్వేవాడు. నాకు ఒళ్లు మండేది.

పోయినేడు మా ఆయన తిమోతి పెద్దపల్లి రైతుమేళా నుంచి గుమ్మడి విత్తనాలు తెచ్చాడు. కాయ ఒక్క మనిషి మోయలేనంత అవుతుందట, కానీ గుంతకు ఒక్క మొక్కే ఉండాలట. మా గుంతలో రెండు మొలిచాయి. ఒకటి చూస్తుండగానే తీగ సాగి గుంత దాటింది. రెండోది పొట్టిగా, పీట వేసుకుని కూర్చున్నట్టు అక్కడే ఉంది. ఉరికేదాన్నే ఉంచుదామన్నాం నేనూ, మా ఆయనా. అత్త మాత్రం మిట్టమధ్యాహ్నం కొంగు నెత్తిన వేసుకుని రెండింటి ముందూ కూర్చుంది. ఎండకు పొడుగుదాని ఆకులు వాలిపోయాయి. పొట్టిది ఒక్క ఆకు కూడా వంచలేదు. మర్నాడూ అలాగే కూర్చుంది, మర్నాడూ అదే చూసింది.

అప్పుడే చిన్నమామ వచ్చాడు. రాగానే తీర్పు చెప్పేశాడు.

"వదినె, గా పొట్టిదాన్ని పీకెయ్. ఉరికేదాన్ని ఉంచుకోవాలె."

"పొద్దు నెత్తి మీదికొస్తే తల వాల్చేది నాకెందుకు? నాకు గిదే కావాలె," అంది అత్త.

అని పొడుగు మొక్క మొదట్లో చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి పీకలేక ఆగిపోయింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పారేసేదేదో తనకే ఇవ్వమన్నాడు చిన్నమామ. పారతో మట్టిపెళ్లతో సహా లేపి, తట్టలో పెట్టుకుని పోయాడు. ఎలాగూ చావాల్సింది బతుకుతుంది కదా అని అత్తకు ప్రాణం కుదుటపడింది.

ఆ మొక్క చిన్నమామ పెరట్లో నిజంగానే బతికింది. అది భైంసా నుంచి తెప్పించిన విత్తనమని ఆయన సంఘమంతా చెప్పుకున్నాడు! అసలు సంగతి అందరికీ చెప్పమని నేను పోరాను. మా అత్త నోరు విప్పితే ఒట్టు. జ్వరమేమోనని నుదురు పట్టి చూశాను కూడా.

మా పొట్టిదానికీ తీగ సాగి పిందెలు పడ్డాయి. అత్త మంచి పిందె ఒక్కటే ఉంచి మిగతావన్నీ తుంచి కూర వండింది. ఈసారి చెయ్యి ఆగలేదు. ఆ ఒక్కదాని కింద గడ్డి పరిచి పసిబిడ్డలా చూసుకుంది. నేను మురిసిపోయి వేలు చూపించబోతే, పిందె కుళ్లిపోతుందని నా చేతి మీద ఒక్కటి వేసింది.

పండుగ రోజు చిన్నమామ కాయను భుజాన పెట్టుకుని దర్జాగా వచ్చాడు. పెద్దదే. ఆయన తన తీగ మీద ఒక్క పిందెనూ తుంచలేదు, అయినా అంతయింది. ఆ వెనకే మా ఆటో ఆగింది. తిమోతి, ఇంకో ముగ్గురు మగవాళ్లు గోనెపట్టా నాలుగు కొసలూ పట్టుకుని, రొప్పుతూ మా కాయను లోపలికి తెచ్చారు. పిల్లలు బెంచీలెక్కి చూశారు. ఇక తూకమెందుకు? నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

ఆడమనిషి ప్రార్థన ఎట్లా చేస్తుందని వెనక వరసలో గొణిగారు. పాస్టరు అయ్యగారు వినిపించుకోకుండా అత్తను ముందుకు పిలిచారు. కొంగు సర్దుకుంది, కళ్లు మూసుకుంది.

"తండ్రీ, నేను ఉంచుకున్న మొక్కకు కాయనిచ్చినవు. నీకు వందనాలు. నేను వద్దన్న మొక్కకు సుత కాయలిచ్చినవు. దాన్ని మా మరిది తట్టల ఎత్తుకపోయి బతికిచ్చిండు. ఆయన చేతులను దీవించు. వచ్చే యేడు సుత నేను వద్దన్నదే ఆయనకు దొరకనియ్యి."

ముందు ఎవరో కిసుక్కుమన్నారు, ఆ నవ్వు బెంచీ బెంచీకీ పాకింది. మా దగ్గర ప్రార్థనకు మొదట జవాబు పలకాల్సింది సంఘ పెద్దే. అందరి తలలూ చిన్నమామ వైపు తిరిగాయి. ఆయన ముఖం కందగడ్డ అయింది. తన కాయను చూశాడు, మా కాయను చూశాడు. చివరికి చేతులు జోడించాడు.

"ఆమేన్, వదినె," అన్నాడు.