కొళాయి దూరమైన కౌంటర్‌లో

కంటి ఆస్పత్రి కాగితాల్లో ఆమె కౌన్సిలర్. రోగులకు మాత్రం లెన్సక్క. ఇరవై రెండేళ్ల కిందట అక్కడే నేల తుడిచే పనిలో చేరింది. పనిముట్లు ఉడకబెట్టడం నేర్చుకుంది, ప్రైవేటుగా పరీక్షలు కట్టి పాసైంది. ఇప్పుడు సింకూ అద్దమూ ఉన్న చిన్న గదిలో, కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లకు శుభ్రత నేర్పుతోంది.

చేతులు కడుక్కుంటున్నారా అని ఆమె ఎవరినీ అడగదు. "అడిగితే అందరూ ఆఁ అంటారు. పళ్లు తోమావా అంటే మా ఆయనా ఆఁ అనే అంటాడు" అంటుంది. చేసి చూపించమంటుంది.

ఆ రోజు వచ్చిన అమ్మాయి బట్టల షోరూంలో అమ్మకాలు చూస్తుంది. ఆర్నెల్లలో మూడోసారి కుడికన్ను ఎర్రబడింది. ఈసారి నల్లగుడ్డు మీద పుండు. "మళ్లీ ఇలా అయితే చూపు దక్కదు" అని డాక్టరు మందులిచ్చి, చీటీ మీద 'రోగి నిర్లక్ష్యం' అని రాసి పంపాడు.

అక్క నేర్పడానికి దాచిన లెన్సొకటి ఇచ్చింది. అమ్మాయి సబ్బుతో చేతులు కడిగి తుడుచుకుంది. లెన్సు డబ్బాలో పాత మందునీళ్లు పారబోసి కొత్తవి పోసింది. లెన్సును అరచేతిలో పెట్టి వేలితో రుద్దింది. వంక పెట్టడానికి లేదు.

"భేష్. షాపులో ఉండగా కంట్లో నలక పడితే ఏం చేస్తావో, అదీ చూపించు."

అమ్మాయి సింకు వైపు చూడనైనా లేదు. గోడ వైపు తిరిగి లెన్సును నాలుక మీదికి తీసుకెళ్లింది.

"ఆగు తల్లీ! ఎంగిలి చేసి కంట్లో పెట్టుకుంటావా?"

"ఏం చెయ్యనక్కా? చేతులు కడుక్కోవాలన్నా కొళాయి మూడో అంతస్తులో ఉంది. రిజిస్టర్లో సంతకం పెట్టి వెళ్లాలి, అదీ రోజుకి రెండుసార్లే."

"కళ్లజోడు పెట్టుకోవే బంగారం."

"పెట్టుకుంటే గోడౌన్‌లోకి తోస్తారు. కళ్లజోడు మొహం చూస్తే కస్టమర్లు రారంట. ఆ మాట చెప్పే మా మేనేజర్‌కి మాత్రం సోడాబుడ్డి అద్దాలు!"

నిర్లక్ష్యం అనేది రాయడానికి చాలా తేలికైన మాట. పది గంటలు నిలబెట్టి, నీళ్లు అందకుండా చేసి, తప్పు మళ్లీ ఆ మనిషి నెత్తినే రుద్దుతాం. ఇన్నేళ్లు చెప్పిన పాఠానికే అక్కకు సిగ్గేసింది.

మర్నాడు మధ్యాహ్నం షోరూంకి వెళ్లి, కింద కొళాయి పెట్టించమనీ పిల్లల్ని కళ్లజోళ్లు పెట్టుకోనివ్వమనీ అడిగింది.

"మా షాపు సంగతి మీకెందుకమ్మా?" అన్నాడు మేనేజర్.

"షాపు మీదే సార్. కన్ను మాది."

"రూలంటే రూలే."

కిందికొస్తుంటే మెట్ల మీద ఆడవాళ్లు భోజనాలు చేస్తున్నారు. పదకొండు మందికి లెన్సులు. ఒకామె పాత నీళ్లలోనే కొత్తవి కలుపుతుందట, ఇంకొకామె లెన్సులతోనే నిద్రపోతుందట.

"కళ్లజోళ్లు లేవా మీకు?"

"బ్యాగుల్లో ఉన్నాయక్కా."

"బ్యాగులకి చూపానదా ఏం?"

మెట్లన్నీ నవ్వాయి. ఆ నవ్వులోనే ఒక మాట అనుకున్నారు.

డిస్కౌంట్ మొదలైన రోజున, కంటికి మందు వేసుకుంటున్న ఆ అమ్మాయితో కలిపి పన్నెండు మంది కళ్లజోళ్లతో కౌంటర్ల వెనక నిలబడ్డారు. మేనేజర్ మొహం కందగడ్డైంది. "అందరూ గోడౌన్‌లోకి!"

పన్నెండు మందీ నడిచి వెళ్లారు. కౌంటర్లు బోసిపోయాయి. జనం కేకలు మొదలుపెట్టారు.

"ఏమయ్యా, ఆ పిల్లల్ని ఎందుకు తోలేశావు?" అని ఒక పెద్దావిడ నిలదీసింది. "కళ్లజోడు పెట్టుకున్నారని" అని ఎవరో అందించారు. "నీ అద్దాలు చూసి మేమేమైనా పారిపోయామా?" అందావిడ.

పావుగంటలో మేనేజరే గోడౌన్ తలుపు దగ్గరికి వెళ్లి పిలవాల్సి వచ్చింది. ఆ వారంలోనే రిజిస్టర్ పోయింది. కింది అంతస్తులో సింకు వచ్చింది, సబ్బుతో సహా. లెన్సులు మానని వాళ్లకు అక్క అక్కడే నిలబడి పాఠం చెప్పింది.

ఆరు వారాలకు పుండు మానింది. అమ్మాయి ఎడమకన్ను మూసుకుని, కళ్లజోడులోంచి కుడికంటితో గోడ మీది అక్షరాలు చివరి వరస దాకా చదివేసింది. డాక్టరు "చాలమ్మా" అన్నా ఆగలేదు.

"కాసేపు కూర్చోవే" అంది అక్క.

"షిఫ్టు టైమైందక్కా. నా కౌంటర్ దగ్గర జనం ఉంటారు" అంటూ కళ్లజోడు సర్దుకుని చకచకా వెళ్లిపోయింది.